అల్యూమినియం పుల్లీలో బేరింగ్ దింపడం: ఎంత వేడి చేయాలి, చలి ఎప్పుడు కావాలి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. అల్యూమినియం ఐడ్లర్ పుల్లీ (బెల్ట్‌కు ఆనుకుని ఊరికే తిరిగేది), రెండు వైపులా ఒక్కో 6205-2ఆర్‌ఎస్ బేరింగ్ (2ఆర్‌ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీల్ ఉన్నది). లేత్ మీద బోర్‌ను, అంటే బేరింగ్ కూర్చునే రంధ్రాన్ని, 51.97 మి.మీ.కి తీశారు. మొదటి పుల్లీలో బేరింగ్‌ను వైస్‌లో పెట్టి నొక్కితే అల్యూమినియం సన్నటి పొరలా చెక్కుకొచ్చింది, బేరింగ్ ఓరగా ఇరుక్కుంది. సుత్తితో కొట్టి దింపారు, ఇప్పుడు తిప్పితే గరగరలాడుతోంది. రెండో పుల్లీని ఓవెన్‌లో వేడి చేయాలా, బేరింగ్‌ను ఫ్రీజర్‌లో పెట్టాలా, డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) తెప్పించాలా అన్నది మీ సందేహం.

పుల్లీని 100 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయండి. బేరింగ్‌ను గదిలో ఎలా ఉందో అలాగే ఉంచండి. డ్రై ఐస్ అక్కర్లేదు. అయితే ఓవెన్ ఆన్ చేసే ముందు బోర్‌ను ఇంకోసారి సరిగ్గా కొలవండి. వేడి బేరింగ్ లోపలికి వెళ్ళడానికి కాసేపు దారి ఇస్తుంది, అంతే. చల్లారాక మీరు లేత్ మీద తీసిన సైజే మిగులుతుంది. ఆ సైజు తప్పైతే వేడి దాన్ని సరిచేయదు. పైగా బేరింగ్ చక్కగా దిగిపోవడం వల్ల ఆ తప్పు కంటికి కూడా కనబడదు.

మొదటి పుల్లీలో ఉన్న బేరింగ్‌ను మాత్రం వాడకండి. ఔటర్ రేస్ (బయటి రింగు) ఇరుక్కుని ఉండగా ఇన్నర్ రేస్ (లోపలి రింగు) మీద దెబ్బ పడితే ఆ బలమంతా బాల్స్ గుండా వెళ్తుంది. బాల్‌కీ ట్రాక్‌కీ మధ్య తగిలే చోటు చాలా చిన్నది కాబట్టి ఒక మాదిరి దెబ్బకే ట్రాక్ మీద గుంటలు పడతాయి. మీకు వినబడుతున్న గరగర అదే. గ్రీజు మార్చినా, కొన్నాళ్ళు తిప్పినా పోదు, పెరుగుతుంది.

ఇక కొలత. 51.97 అన్నది వెర్నియర్‌తో తీసుకున్న రీడింగ్ అయితే దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఇక్కడ మనం మాట్లాడుతున్నది 10, 20 మైక్రాన్ల తేడా గురించి (మి.మీ.లో వెయ్యో వంతు ఒక మైక్రాన్). వెర్నియర్‌ను ఒకే బోర్‌లో రెండుసార్లు పెడితే అంత తేడా దానికదే వస్తుంది. బోర్ గేజ్ కావాలి. నేను చేసే పద్ధతి ఇది: మైక్రోమీటర్‌తో బేరింగ్ బయటి వ్యాసాన్ని కొలిచి, మైక్రోమీటర్‌ను అక్కడే లాక్ చేస్తాను. ఆ రెండు ముఖాల మధ్య బోర్ గేజ్‌ను పెట్టి డయల్‌ను సున్నాకు తెస్తాను. తర్వాత గేజ్‌ను బోర్‌లో పెడితే ముల్లు చూపించే తేడానే ఇంటర్‌ఫియరెన్స్, అంటే బేరింగ్ కన్నా బోర్ ఎంత చిన్నదో అది. మైక్రోమీటర్‌లో రెండు మైక్రాన్ల తప్పున్నా ఫరవాలేదు, ఆ తప్పు రెండు వైపులా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది. బోర్ పైన, మధ్యలో, అడుగున, ఒక్కో చోట రెండు మూడు దిక్కుల్లో చూడండి. పైకీ అడుక్కీ తేడా ఉంటే టేపర్, దిక్కుల మధ్య తేడా ఉంటే ఓవాలిటీ.

ఒక లోపం మాత్రం ఈ గేజ్‌కు దొరకదు. పలచటి పుల్లీని త్రీ-జా చక్‌లో (లేత్ మీద మూడు దవడలతో పట్టేది) గట్టిగా బిగించి బోర్ తీస్తే, బిగించి ఉన్నంతసేపు అది గుండ్రంగానే ఉంటుంది. చక్ వదిలాక మూడు వైపులా ఉబ్బి, మూడు మూలలున్న ఆకారానికి వస్తుంది. రెండు బిందువుల బోర్ గేజ్ ఆ ఆకారాన్ని సరిగా పట్టుకోలేదు, ఏ దిక్కున చూసినా దాదాపు ఒకే రీడింగ్ ఇస్తుంది. బేరింగ్ ఔటర్ రేస్ పలచన, దిగాక అదీ ఆ ఆకారమే తీసుకుంటుంది. అందుకే చివరి కట్‌కు ముందు చక్ కాస్త వదులు చేయండి, వీలైతే సాఫ్ట్ జాస్ (మెత్తటి దవడలు) వాడండి.

కొలిచేటప్పుడు పుల్లీ, బేరింగ్, గేజ్ ఒకే వేడిమిలో ఉండాలి. డ్రాయింగుల మీది సైజులన్నీ 20 డిగ్రీల దగ్గర చెప్పినవి. మిషనింగ్ అయిన వెంటనే గోరువెచ్చగా ఉన్న పుల్లీని కొలిస్తే, అది 10 డిగ్రీలు వేడిగా ఉన్నా చాలు, 52 మి.మీ. బోర్ 12 మైక్రాన్లు పెద్దగా కనిపిస్తుంది. సరిపోయిందనుకుని ఆపేస్తారు, మర్నాటికి బోర్ బిగుసుకుని ఉంటుంది. ఆ చిన్న తొందరతో మొదటికే మోసం వస్తుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మామూలు క్లాస్ 6205 బేరింగ్ బయటి వ్యాసం 52 మి.మీ., టాలరెన్స్ సున్నా నుంచి మైనస్ 13 మైక్రాన్లు. అంటే 51.987 నుంచి 52.000 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మీది 51.995 అనుకుందాం. బోర్ నిజంగా 51.970 అయితే ఇంటర్‌ఫియరెన్స్ 25 మైక్రాన్లు. బోర్ సైజు హద్దులకు ఎన్7, హెచ్7 లాంటి ప్రామాణిక గుర్తులుంటాయి; 52 మి.మీ.కి ఎన్7 ఫిట్ అంటే 51.961 నుంచి 51.991 దాకా, కాబట్టి మీ సైజు ఎన్7 లోపలే ఉంది. పుల్లీ తిరుగుతూ, బెల్ట్ లాగుడు ఎప్పుడూ ఒకే దిక్కున ఉండే మీలాంటి ఏర్పాటులో ఔటర్ రేస్ టైట్‌గానే ఉండాలి, లేకపోతే అది బోర్‌లో పాకుతూ అల్యూమినియాన్ని అరగదీస్తుంది. షాఫ్ట్ తిరిగి హౌసింగ్ కదలకుండా ఉండే మెషిన్లలో సంగతి వేరు. అక్కడ ఇన్నర్ రేస్ టైట్‌గా ఉండాలి, ఔటర్ రేస్ సామాన్యంగా హెచ్7, జె7 లాంటి ఫిట్‌లో చేత్తో దిగాలి, అసలు వేడితో పనే ఉండదు. హౌసింగ్ అనగానే వేడి చేసి బిగించాలనుకునేవాళ్ళు ఈ తేడా గమనించాలి.

అల్యూమినియం ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 23 మైక్రాన్లు పెరుగుతుంది. 52 మి.మీ.కి అది డిగ్రీకి 1.2 మైక్రాన్లు. బేరింగ్ స్టీల్ మీటరుకు 12 మైక్రాన్ల చొప్పున, అంటే మన బేరింగ్ డిగ్రీకి సుమారు 0.62 మైక్రాన్లు. 25 మైక్రాన్ల ఇంటర్‌ఫియరెన్స్ పోవాలి, ఆపైన చేత్తో జారేలా దిగడానికి ఇంకో 30, 40 మైక్రాన్ల ఖాళీ కావాలి. ఆ ఖాళీ లేకపోతే బేరింగ్ రవ్వంత ఒరిగినా ఇరుక్కుంటుంది, ఓవెన్ నుంచి బల్ల దాకా వచ్చేలోపు పుల్లీ కొంత చల్లారుతుంది కూడా. గది 30 డిగ్రీలు, పుల్లీ 100 డిగ్రీలు అయితే 70 డిగ్రీల పెరుగుదల, 84 మైక్రాన్లు. అందులో 25 పోతే సుమారు 60 మైక్రాన్ల ఖాళీ. హాయిగా దిగుతుంది.

వేడి చేస్తే చుట్టూ ఉన్న లోహం ఉబ్బి బోర్ చిన్నదవుతుందేమో అని కూడా రాశారు. కాదు. మొత్తం ముక్క ఒకేలా వేడెక్కినప్పుడు అందులో ప్రతి కొలతా ఒకే నిష్పత్తిలో పెరుగుతుంది, బోర్ చుట్టుకొలత కూడా. చుట్టుకొలత పెరిగితే వ్యాసం పెరగక తప్పదు. కానీ మీ భయంలో ఒక నిజం ఉంది. బోర్ చుట్టూ మాత్రమే మంట పెట్టి, బయటి రిమ్‌ను చల్లగా వదిలేస్తే, ఆ చల్లటి రిమ్ లోపలి లోహాన్ని పెరగనివ్వదు. అప్పుడు బోర్ అనుకున్నంత తెరుచుకోదు, గుండ్రం కూడా తప్పుతుంది. టార్చ్ కన్నా ఓవెన్ మేలని చెప్పేది ఇందుకే. ఓవెన్ లేకపోతే హాట్ ప్లేట్ మీద పెట్టి, పైన మూత వేసి, మధ్యలో తిరగేస్తూ వేడి చేయొచ్చు. చిన్న పుల్లీకైనా అరగంట ఇవ్వండి, లోపలిదాకా వేడి చేరాలి. పోత ఇనుము హౌసింగ్ అయితే ఈ నెమ్మది ఇంకా ముఖ్యం, ఒకే చోట మంట తగిలితే పగిలే ప్రమాదం ఉంది. ఆయిల్ సీళ్ళు, రబ్బరు, ప్లాస్టిక్ ముందే తీసేయండి.

వేడిని ఎలా కొలుస్తారన్నది చాలామంది పొరపడే చోటు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను మెరిసే అల్యూమినియం మీద నేరుగా పెడితే అసలు వేడి కన్నా బాగా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మెరిసే లోహం ఆ కిరణాలను చాలా కొద్దిగానే వదులుతుంది. 100 ఉన్న పుల్లీ 50 అని కనిపిస్తే మీరు ఇంకా వేడి పెంచుతారు. పుల్లీ మీద ఒక మూల మాస్కింగ్ టేప్ ముక్క అంటించి, ఆ టేప్ మీద రీడింగ్ తీసుకోండి. తగిలించి చూసే థర్మోకపుల్ ఉంటే అసలు ఈ తలనొప్పే ఉండదు. 100 దాటి ఇంకా ఎందుకు పోకూడదంటే, 2ఆర్‌ఎస్ బేరింగ్‌లో ఉండే మామూలు నైట్రైల్ రబ్బరు సీల్ హద్దు అక్కడే. పుల్లీ వైపు నుంచి చూస్తే, 6061-టి6 లాంటి గట్టిపరిచిన మిశ్రమాలను 160, 170 డిగ్రీల ప్రాంతంలోనే ఏజింగ్ (వేడిలో ఉంచి గట్టిపరచడం) చేస్తారు. ఆ దరిదాపుల్లో ఎక్కువసేపు ఉంచితే బలం తగ్గడం మొదలవుతుంది, 100 దగ్గర ఆ భయం లేదు.

దింపే పని మొత్తం కొన్ని సెకన్లదే, కాబట్టి సన్నాహం అంతా ముందే. ఇనుప బల్ల వేడిని లాగేస్తుంది, చెక్క దిమ్మ పెట్టుకోండి. బేరింగ్ ప్యాకెట్ విప్పి, బయటి ముఖం తుడిచి, ఏ వైపు పైకి ఉండాలో చూసుకుని పక్కన ఉంచండి. బోర్ అంచున 15, 20 డిగ్రీల వాలుతో చిన్న చాంఫర్ ఉండాలి. మీ మొదటి పుల్లీలో అల్యూమినియం చెక్కుకుపోవడానికి చాంఫర్ లేకపోవడమే సగం కారణమై ఉంటుంది. అడుగున షోల్డర్ (బేరింగ్ ఆనే మెట్టు) మూల కూడా చూడండి. అక్కడి రేడియస్ బేరింగ్ అంచు రేడియస్ కన్నా చిన్నదిగా ఉండాలి, లేకపోతే బేరింగ్ షోల్డర్‌కు ఆనకుండా ఆ వంపు మీదే ఆగుతుంది. డాలీ ఒకటి తిప్పుకోండి: బేరింగ్ లోపలి రంధ్రంలో వదులుగా పట్టే చిన్న మొల, దానిపైన రెండు రేసులకూ ఒకేసారి ఆనే చదునైన ముఖం. చేతి వేళ్ళతో పట్టుకుంటే బేరింగ్ నిటారుగా ఉండదు, డాలీ మీద ఉంటే ఉంటుంది.

గ్లవ్స్ వేసుకుని పుల్లీని దిమ్మ మీద పెట్టండి, బేరింగ్‌ను నిటారుగా బోర్ మీదికి తెచ్చి వదిలేయండి. నొక్కక్కర్లేదు. దిగితే షోల్డర్‌కు తగిలి టక్కుమని గట్టి శబ్దం వస్తుంది. మెత్తటి శబ్దం వస్తే అడుగుదాకా పోలేదని అర్థం. వెంటనే డాలీతో అర నిమిషం పాటు కిందికి నొక్కి ఉంచండి. పుల్లీ బేరింగ్‌ను పట్టేసే క్షణంలో అది షోల్డర్‌కు ఆనే ఉండాలి, లేకపోతే సన్నటి సందుతో అక్కడే బిగుసుకుంటుంది.

మధ్యలో ఆగిపోతే? సుత్తి ముట్టుకోవద్దు. కొద్దిగానే దిగి ఉంటే వెంటనే నిటారుగా పైకి లాగేయండి. రాకపోతే బేరింగ్‌తో సహా పుల్లీని తిరిగి 100 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి. బేరింగ్ కూడా వేడెక్కుతుంది కదా అనకండి. అల్యూమినియానికీ స్టీల్‌కూ పెరుగుదలలో ఉన్న తేడా మన సైజుకు డిగ్రీకి 0.57 మైక్రాన్లు. 20 నుంచి 100 దాకా, అంటే 80 డిగ్రీలకు, 46 మైక్రాన్లు. రెండూ ఒకే వేడిలో ఉన్నా 25 మైక్రాన్ల పట్టు పోయి ఇంకా 20 మైక్రాన్ల ఖాళీ మిగులుతుంది. పుల్లీని బోర్లించి చెక్క మీద తడితే బేరింగ్ రాలిపడుతుంది. మీ మొదటి పుల్లీ నుంచి చెడిపోయిన బేరింగ్‌ను కూడా ఇలాగే తీయండి, పుల్లర్ వేసి లాగి బోర్‌ను ఇంకా గీకకండి. ఎలాగూ పారేసే బేరింగ్ కాబట్టి పుల్లీని 120 దాకా తీసుకెళ్ళినా నష్టం లేదు.

రెండో బేరింగ్ దించే ముందు, రెండు ఇన్నర్ రేసుల మధ్య ఉండే స్పేసర్ లోపల పెట్టారో లేదో చూసుకోండి. హడావిడిలో మర్చిపోయేది అదే. దాని పొడవు కూడా ముఖ్యం. రెండు షోల్డర్ల మధ్య దూరం కన్నా స్పేసర్ పొట్టిగా ఉంటే, నట్ బిగించినప్పుడు ఇన్నర్ రేసులు ఒకదానివైపు ఒకటి జరిగి బాల్స్ నలుగుతాయి. వేడి, చలి ఎంత బాగా వాడినా ఆ బేరింగులు నాలుగు రోజులు ఉండవు. రెండో వైపు కోసం పుల్లీని మళ్ళీ 100కి తేవాల్సి వస్తే, మొదటి బేరింగ్ వదులవుతుందని మర్చిపోకండి. తిప్పేటప్పుడు దాన్ని కింద నుంచి ఆనించి ఉంచాలి.

చలి సంగతి. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలైతే, 30 డిగ్రీల గది నుంచి 48 డిగ్రీల తేడా. బేరింగ్ కుదించుకునేది 30 మైక్రాన్లు. మీ పుల్లీకి ఇప్పటికే 60 మైక్రాన్ల ఖాళీ ఉంది, కాబట్టి ఈ 30 కోసం తేమను కొనితెచ్చుకోవడం ఎందుకు? ఫ్రీజర్‌లోంచి తీసిన బేరింగ్ మీద చూస్తుండగానే మంచు పొర పడుతుంది. వేడి బోర్‌లోకి వెళ్ళగానే అది కరిగి నీరై షోల్డర్ మూలలోనూ, సీల్ అంచునా నిలుస్తుంది. తుప్పు అక్కడ మొదలవుతుంది.

అదే పోత ఇనుము హౌసింగ్ అయితే ఫ్రీజర్‌ను నేనూ వాడతాను. పోత ఇనుము డిగ్రీకి పెరిగేది అల్యూమినియంలో సగం కన్నా తక్కువ, మన బోర్‌కు 0.55 మైక్రాన్లు. 70 డిగ్రీలు వేడెక్కించినా 38 మైక్రాన్లే, 25 పోతే మిగిలేది 13. అది చాలదు. హౌసింగ్‌ను 100కి తెచ్చి, బేరింగ్‌ను ఫ్రీజర్‌లో పెడితే ఇంకో 30 కలిసి 43 అవుతుంది. అప్పుడు బేరింగ్‌ను గాలి తీసేసిన ప్లాస్టిక్ కవర్‌లో గట్టిగా మూసి ఫ్రీజర్‌లో ఉంచండి, దింపే క్షణంలోనే కవర్ విప్పండి, బయటి ముఖం మీద పలచగా నూనె రాయండి. పోత ఇనుములో ఇంకో తేడా ఉంది. అది, బేరింగ్ స్టీల్ దాదాపు ఒకేలా పెరుగుతాయి. అందువల్ల రెండూ కలిసి వేడెక్కితే పట్టు వదలదు. మధ్యలో ఇరుక్కుంటే ఓవెన్ మిమ్మల్ని ఆదుకోదు, కాబట్టి మొదటిసారే నిటారుగా దిగాలి.

డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలు. బేరింగ్ 67 మైక్రాన్ల దాకా కుదించుకుంటుంది, వినడానికి బాగుంటుంది. కానీ నైట్రైల్ సీల్‌కూ, బాల్స్‌ను విడివిడిగా పట్టి ఉంచే నైలాన్ కేజ్‌కూ మైనస్ 40 దగ్గరే హద్దు. దాటితే పెళుసుబారి చిన్న తాకిడికే చిట్లవచ్చు. రింగుల్లోనూ చిక్కుంది. గట్టిపరిచిన బేరింగ్ స్టీల్‌లో ఆస్టెనైట్ అనే ఉక్కు రూపం కొంత మారకుండా మిగిలి ఉంటుంది. బాగా చల్లబడితే అందులో కొంత మార్టెన్‌సైట్ అనే గట్టి రూపంగా మారి, రింగు సైజు శాశ్వతంగా కాస్త పెరగవచ్చు. మైనస్ 50 కన్నా కిందికి బేరింగ్‌ను తీసుకెళ్ళకపోవడం మంచిది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ ఉక్కు బుష్‌లకు, లైనర్లకు, వాల్వ్ సీట్లకు అద్భుతంగా పనిచేస్తుంది, పూర్తి బేరింగ్‌కు కాదు. వాడేవాళ్ళు ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి: ఒక లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది, దానికి వాసన ఉండదు. మూసిన గదిలో ఊపిరాడక మనిషి పడిపోయేదాకా తెలియదు. డ్రై ఐస్ వదిలే కార్బన్ డయాక్సైడ్ కూడా తక్కువేమీ కాదు. తలుపులు తెరిచి పెట్టండి, రెండింటినీ బిగుతు మూత ఉన్న డబ్బాలో ఎప్పుడూ పెట్టకండి.

ఇంతకన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మీ పుల్లీ నడిచేటప్పుడు ఎంత వేడెక్కుతుందన్నది. దింపడానికి మనకు సాయం చేసిన ఆ 0.57 మైక్రాన్ల తేడా నడిచేటప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. 25 మైక్రాన్ల ఇంటర్‌ఫియరెన్స్ 44 డిగ్రీల పెరుగుదలతో తుడిచిపెట్టుకుపోతుంది. అంటే పుల్లీ, బేరింగ్ రెండూ 64 డిగ్రీలకు చేరితే పట్టు సున్నా. ఆపైన ఔటర్ రేస్ పాకడం మొదలవుతుంది. ఆగి చల్లారాక చూస్తే మళ్ళీ టైట్‌గానే ఉంటుంది కాబట్టి కారణం ఒక పట్టాన దొరకదు. సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగ్ రింగు) పెడితే బేరింగ్ బయటికి రాకుండా ఆగుతుంది కానీ పాకడం ఆగదు. మీ పుల్లీ చెయ్యి పెట్టగలిగేంత వెచ్చగానే ఉంటుందంటే 51.970 సరిపోతుంది. 60, 70 డిగ్రీలకు పోయే చోటైతే ఎన్7 కన్నా బిగుతైన పి7 వైపు వెళ్ళండి, 51.955 ప్రాంతంలో. అప్పుడు పట్టు 90 డిగ్రీల దాకా నిలుస్తుంది, 100 డిగ్రీల పుల్లీలో దించడానికి ఇంకా 44 మైక్రాన్ల ఖాళీ మిగులుతుంది.

టైట్ చేసిన కొద్దీ ఔటర్ రేస్ లోపలికి నొక్కుకుని బాల్స్‌కు ఉన్న లోపలి క్లియరెన్స్ (ఆడే ఖాళీ) తగ్గుతుంది. 6205కు మామూలు క్లియరెన్స్ 5 నుంచి 20 మైక్రాన్లు, ఎక్కువ క్లియరెన్స్ ఉండే సి3 రకం అయితే 13 నుంచి 28. ఎన్7 గానీ పి7 గానీ వాడేటప్పుడు సి3 బేరింగే తీసుకోండి. పెట్టె మీద ఆ గుర్తు లేకపోతే అది మామూలు క్లియరెన్స్‌ది.

చెక్కుకుపోయిన మొదటి పుల్లీ బోర్‌ను కూడా అదే గేజ్ పద్ధతిలో కొలవండి. వదులైందని సెంటర్ పంచ్‌తో బోర్ నిండా చుక్కలు కొట్టే అలవాటు కొందరికి ఉంది, దయచేసి చేయకండి. ఆ చుక్కల మొనల మీదే బేరింగ్ నిలబడుతుంది, కొద్ది రోజుల్లో అవి అణిగిపోతాయి, ఈలోపు రింగు గుండ్రం కూడా చెడుతుంది. 20, 30 మైక్రాన్ల వదులుంటే రిటైనింగ్ కాంపౌండ్ (సందు నింపి గట్టిపడే జిగురు) పనిచేస్తుంది. రెండు ముఖాలూ సాల్వెంట్‌తో శుభ్రంగా తుడిచి, పుల్లీని వేడి చేయకుండా, పలచగా రాసి దింపండి. వేడి పుల్లీలో అది దారి మధ్యలోనే గట్టిపడుతుంది. సీల్ అంచుకు తగలనివ్వకండి. అంతకన్నా వదులైతే బోర్ పెద్దది చేసి ఉక్కు స్లీవ్ వేయడమే దారి. ఆ స్లీవ్‌కు ద్రవ నైట్రోజన్ వాడినా నాకు అభ్యంతరం లేదు.

రెండో పుల్లీ దింపాక నీళ్ళలో ముంచకండి, దానంతటదే చల్లారనివ్వండి. పూర్తిగా చల్లారాక ఇన్నర్ రేస్‌ను వేలితో నెమ్మదిగా తిప్పి చూడండి. సీల్ రాపిడి వల్ల కాస్త బరువుగా తిరగడం మామూలే, చుట్టంతా ఒకేలా ఉండాలి. ఒకచోట బిగిసి ఇంకోచోట వదులవుతుంటే బోర్ గుండ్రంగా లేదు. అంతటా గట్టిగా ఉంటే క్లియరెన్స్ అయిపోయింది. ఈ రెంటిలో ఏది కనబడినా పుల్లీని ఓవెన్‌లో పెట్టి బేరింగ్ తీసేయండి, బోర్ రీడింగులు ఇక్కడ రాయండి, ఎంత తీయాలో చూద్దాం.